విభాగం లేని పేర్లు

మొన్న స్కూటరు ఊరికి పంపుదామని మియాపూర్‌లో ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకు వెళ్లాను. రసీదు కొడుతున్న పాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు కీచుమంది. ఆ మోత విని ఎన్నేళ్లయిందో. మాదాపూర్‌లో నా మొదటి ఉద్యోగం, యాదగిరి గారు గుర్తొచ్చారు.

తొంభైల చివరి రోజులవి. హైటెక్ సిటీ మొదటి భవనం లేచి ఎంతో కాలం కాలేదు, చుట్టూ ఇంకా బండరాళ్లే. మా కంపెనీ అక్కడికి కాస్త దూరంలో ఒక అద్దె మేడలో ఉండేది. గుంటూరు నుంచి డిగ్రీతో, ఆరు నెలల కంప్యూటర్ కోర్సుతో వచ్చి చేరాను. యాదగిరి గారు మా టీమ్ లీడరు. అంతకుముందు ఒక ఫ్యాక్టరీలో హాజరు పట్టీలు రాసిన గుమాస్తా. నలభై దాటాక కంప్యూటర్ నేర్చుకున్నారు. రెండు వేళ్లతోనే టైపు చేసేవారు, మేం చాటుగా నవ్వుకునేవాళ్లం. డేటాబేసు నుంచి రిపోర్టులు తీసే సాఫ్ట్‌వేర్ అప్పుడే కొన్నారు. దాన్ని నాకు నేర్పే పని ఆయనది. ముందు కాగితం మీద పెన్సిలుతో రిపోర్టు గీయించేవారు. దీన్ని ఎవరు చదువుతారు, చదివి ఏం చేస్తారు అని అడిగేవారు. జవాబు చెప్పేదాకా మౌసు ముట్టనిచ్చేవారు కాదు. నాకు విసుగ్గా ఉండేది.

బాలానగర్‌లో ఒక పోత ఇనుము కార్ఖానా వాళ్లు దుమ్ములో పనిచేసేవాళ్లకు ఛాతీ ఎక్స్‌రే తీయించాలనుకున్నారు. ఎవరెవరిని పిలవాలో ఆ జాబితా మేం తీసివ్వాలి. రెండు రోజుల్లో తీశాను, శీర్షికలు, గీతలు అన్నీ ముచ్చటగా కుదిరాయి. ఆయన తిరగేసి, "పేర్లు బాగనే వచ్చినయ్. రానోళ్లెవరు?" అన్నారు. అందరూ వచ్చారన్నాను. మర్నాడు నన్ను బస్సెక్కించి కార్ఖానా గేటు దగ్గరికి తీసుకుపోయారు. షిఫ్టు వదిలారు. పేర్లడిగి జాబితాలో టిక్కు పెట్టుకుంటున్నాను. దుమ్ముతో కనుబొమలు కూడా బూడిదరంగుకు తిరిగిన ఒకామె ఆగింది. పేరు బాలమణి, షెడ్డు ఊడుస్తుందట. జాబితా రెండుసార్లు వెతికాను.

"నా పేరుండదమ్మా. మేం కాంట్రాక్టోళ్లం," అంది. "దుమ్ము మాత్రం మాకూ గదే."

కారణం ఆఫీసుకొచ్చాక తెలిసింది. సాఫ్ట్‌వేర్‌లో మనుషుల పట్టికను, విభాగాల పట్టికను కలుపుతూ నేనొక గీత గీశాను. రెండింటిలోనూ ఉన్నవాళ్లే రిపోర్టులోకి వస్తారు. కాంట్రాక్టు వాళ్లకు విభాగం రాయలేదు కనుక వాళ్లు చప్పుడు లేకుండా జారిపోయారు. సరిచేస్తే చివరి పేజీలో ఒక గుంపు వచ్చింది. అందరికీ విభాగం దగ్గర ఖాళీ.

సంగతి తెలిసి కార్ఖానా ఆఫీసరు ఫోన్ చేసి ఆ పేజీ అక్కర్లేదన్నాడు. మా మేనేజరు తీసెయ్యమన్నాడు. తీసేశాను, విభాగం ఖాళీగా ఉన్నవాళ్లను వదిలెయ్యమని ఒక్క షరతు చేరిస్తే చాలు. యాదగిరి గారు చూశారు. కోప్పడలేదు.

"కింద తయారుజేసినోళ్ల పేరు రాసే జాగ ఉన్నది గద. అండ్ల నీ పేరు రాసి ఇయ్యమ్మా, నేనే పట్కపోత."

పేరు కొట్టాను. ప్రింటు ఇవ్వలేకపోయాను. ఆ షరతు తీసేశాను. ఆయన నా పేరు చెరిపించి తన పేరు పెట్టించుకుని, ఒంటరిగా బాలానగర్ వెళ్లారు. అక్కడ ఏం మాట్లాడారో చెప్పలేదు. కాంట్రాక్టు వాళ్లను ఎక్స్‌రేల ఆఖరి రోజు పిలుస్తారట అని మాత్రం అన్నారు. నెల తిరక్కుండా ఆయన్ని వేరే ప్రాజెక్టుకు మార్చారు. దీనివల్లే అని ఎవరూ అనలేదు, నేనూ అడగలేదు. తర్వాత ఆయన ఉద్యోగం మారారు, మళ్లీ కలవలేదు.

ఎక్స్‌రేలు అయ్యాక ఎవరు వచ్చారో చూపే రిపోర్టు కూడా నేనే తీశాను. బాలమణి వచ్చింది. ఏం తేలిందో డాక్టర్ల కాగితాల్లో ఉంటుంది, మా డేటాలో ఆ గడి లేదు. బస్సెక్కితే అరపూట పని, వెళ్లి అడగవచ్చు. అడగలేదు. ఇప్పుడు ఏ జాబితా అయినా నా చేయి దాటే ముందు అది ఎవరి కోసమో వాళ్లలో ఒకరిద్దరినైనా కలిసి వస్తాను. అది ఆయన నేర్పింది. బాలమణిని అడగకపోవడం మాత్రం నాది. అదీ ఇన్నేళ్లుగా నాతోనే ఉంది.