శిబిరంలో కూర్చున్న రోజులకు హాజరు లేదు

మా ఆయన పోయాక ఎల్‌బీ నగర్‌లో నాలుగిళ్లలో వంట చేసి బిడ్డను యూనివర్సిటీలో భూగోళం చదివించాను. తెలంగాణ ఉద్యమం రోజుల్లో వాళ్ల ప్రొఫెసరే క్లాసు ఆపి, పిల్లల్ని దిల్‌సుఖ్‌నగర్ దీక్షా శిబిరానికి రమ్మనేవాడు. కృష్ణా నీళ్లు ఎటు పోతున్నాయో నా బిడ్డతో పటం గీయించి, దాని ముందు నిలబడి మాట్లాడేవాడు. పరీక్షలు వచ్చేసరికి హాజరు చాలదని ఆమె హాల్‌టికెట్ ఆపాడు. బిడ్డను వెంటబెట్టుకుని నేనే వెళ్లి అడిగాను.

"సార్, మీరు పిలిస్తేనే ఒచ్చింది కద?"

"శిబిరం వేరు, క్లాసు వేరమ్మా."

"మరి ఆ దినాలల్ల మీ హాజరు పడ్డదా సార్?"

ఆయన హాజరు పుస్తకం మూసి సొరుగులో పెట్టాడు. బిడ్డ నన్నే కసిరింది, "సార్‌ను గట్లంటవా అమ్మా!" అని.

ఆ ఏడాది పోయింది, చదువూ పోయింది. తెలంగాణ వచ్చిన రోజు గల్లీ అంతా రంగులు చల్లుకుంటుంటే, బిడ్డ లేచి తలుపు వేసింది.