తాడు కట్టలేదు

ఆ రోజు ఎర్రగుడ్డ ఊపలేదని ఇంజనీరుకు చెప్పాను. నేను ఊపాను. ఇన్నేళ్లూ, మొన్నటిదాకా ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

గుడియాత్తంలో ఏటి మీద కొత్త వంతెన కట్టేటప్పుడు, జనం దాటడానికి పక్కనే చక్రాల మీద కదిలే ఇనుప వంతెన వేశారు. నీళ్లు పెరిగితే దాన్ని గొలుసుతో ఒక ఒడ్డుకు లాగేసేవాళ్లం. అంతకుముందు అవతలి ఒడ్డున ఉన్నవాడు దారికి అడ్డంగా తాడు కట్టి ఎర్రగుడ్డ ఊపాలి. ఆ పని నాది. ఏటి హోరులో కేకలు వినిపించవు. గుడ్డ ఊగితేనే మేస్త్రి గొలుసు తిప్పుతాడు. మేస్త్రి నాకు వరసకు మామ.

ఆ పొద్దు జోరువాన. తడిసిన తాడు చిక్కుపడింది. వంతెన కదిలేలోపు విప్పి కట్టేయవచ్చులే అని ముందే గుడ్డ ఊపాను. ఇంతలో తల మీద గోనె కప్పుకున్న ఒక నేతగాడు సైకిల్ మీద నన్ను దాటి, వంతెన అప్పటికే కదిలిపోయిన చోట ఏట్లో పడ్డాడు. అతన్ని బయటికి లాగాం. మోకాలు విరిగింది. మళ్లీ మగ్గం గుంటలో కూర్చోలేకపోయాడు.

"తాడు ఇంకా కడతానే ఉన్నా సారూ. గుడ్డ ఊపకముందే మామ లాగినాడు," అన్నాను ఇంజనీరుతో.

గుడ్డ చూసే లాగానని మామ ఎంత చెప్పినా వినకుండా ఆయన్ని పనిలోంచి తీసేశారు. పొద్దున్నే కూలీలు పని కోసం నిలబడే కూడలిలో ఆయన కనబడితే చాలు, "మామా, నా చొక్కా ఏం రంగు చెప్పు!" అని నవ్వేవాళ్లు. చివరికి ఆయనకే అనుమానం వచ్చింది. వేలూరు వెళ్లి కళ్లు చూపించుకున్నాడు. చూపు బాగుందన్నారు. అయినా నమ్మలేదు. మళ్లీ గొలుసు పట్టకుండా అక్కడే ఒక లాడ్జిలో కాపలాకు కుదిరాడు.

మొన్న నేతగాడి ఇంటికి వెళ్లి నిజం చెప్పాను. తలుపు వేసుకున్నాడు. అక్కడి నుంచి వేలూరు బస్సెక్కాను. మామ అంతా విన్నాడు.

"అయితే ఆ గుడ్డ నేను చూసినానే?"

"చూసినావు మామా."

"నాకు చెప్తే ఏం లాభం నాయనా? నా పేరు యాడ పోయిందో ఆడ చెప్పు."

మర్నాడు ఇద్దరం ఆ కూడలికి వెళ్లాం. నవ్వినవాళ్లలో సగంమంది ఇంకా అక్కడే ఉన్నారు. ముందు అరవంలో, తర్వాత మన మాటలో గట్టిగా చెప్పాను:

"ఆ పొద్దు నేను తాడు కట్టకుండానే గుడ్డ ఊపినా. మామ చూసే లాగినాడు. తప్పు నాది, అబద్ధం నాది. మన్నించు మామా."