ఓబులేసు సార్ పెట్టని సంతకం

ముదిగుబ్బలో బస్సు ఆగినప్పుడు తడి గోనెసంచి వాసన తగిలింది. అంగడి అరుగు మీద ఒక రైతు సంచి మడత విప్పి, వేరుశనగ విత్తనాల్లో ఎన్ని మొలకెత్తాయో చూసుకుంటున్నాడు. నాకు ఓబులేసు సార్ గుర్తొచ్చారు.

అనంతపురంలోని మా చిన్న కార్యాలయానికి ఆయన అధిపతి. ఉపగ్రహాన్ని తయారుచేసేవాళ్లు, అది అంతరిక్షంలో ఎలా ప్రవర్తిస్తుందో ముందుగా కంప్యూటరులో నడిపి చూసుకుంటారు. అలా నడిపే సిమ్యులేటరు నిజమే చెబుతున్నదా అని పరీక్షించడం మా పని. రావలసిన జవాబును మొదట కాగితం మీద చేత్తో లెక్కగట్టి, ఆ తర్వాతే సిమ్యులేటరును నడపాలన్నది సార్ నియమం.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, గడువు తరుముతుంటే, నేను ఆ వరుసను తలకిందులు చేశాను. భూమి నీడలో ఉన్నంతసేపూ ఉపగ్రహం బ్యాటరీ నిలుస్తుందా అన్నది పరీక్ష. సిమ్యులేటరు ఇచ్చిన అంకెలనే ‘రావలసిన విలువలు’ గడిలో నింపి, మళ్ళీ నడిపాను. సహజంగానే అన్నీ సరిపోయాయి. ఆ మధ్యాహ్నమే, ఆ ఉపగ్రహాన్ని తయారుచేస్తున్న బెంగళూరు సంస్థకు నివేదిక చేరాలి. సార్ కలం మూత తీసి, ఆగారు.

“ఏమప్పా, చివరి దశాంశం దాకా కలిసినాయే! చేత్తో చేసిన లెక్క యాడుండాది?”

“లేదు సార్. సిమ్యులేటరు నుంచే తీసుకుంటి.”

“విత్తనాలు అమ్మేటోణ్ణే ‘మొలుస్తాయా అన్నా’ అని అడిగొచ్చినావు. వాడు మొలవవంటాడా?”

నా ఎదుటే ఆ సంస్థకు ఫోన్ చేశారు. “ఈ పొద్దు సంతకం కాదన్నా. లెక్క మేం చేయలేదు, తప్పు మాదే.” అవతలి గొంతు హెచ్చింది. “పని ఇంకొకరికిస్తే ఇచ్చుకోండి. చూడనిదాన్ని చూసినానని యెట్ల రాసేది?” నా పేరు మాత్రం ఎత్తలేదు.

రెండు రోజులు ఇద్దరం కూర్చుని లెక్కగట్టాం. చలిలో బ్యాటరీ శక్తి తగ్గుతుంది. సిమ్యులేటరులో ఆ తగ్గుదలే లేదు. మా లెక్క ప్రకారం నీడ దాటకముందే బ్యాటరీ అడుగంటుతుంది. ఆ సంస్థవాళ్లు సిమ్యులేటరును సరిదిద్దుకున్నారు. మాకు మాత్రం మరే పనీ ఇవ్వలేదు. నన్ను పొమ్మంటారని రోజూ ఎదురుచూసి, చివరికి నేనే రాజీనామా పత్రం ఇచ్చాను. సార్ దాన్ని చదవకుండానే తిరిగి నా చేతిలో పెట్టారు.

“నువ్వు పోతే, ఈ తప్పు గుర్తుండేటోడు ఈడ యెవడుంటాడప్పా?”

ఆయన పోయి రెండేళ్లు. ఇప్పుడు ఆ సంతకం నేను పెట్టాలి. కిందటి నెల, గడువు రోజున, మా నివేదికలో ఒక పరీక్షకు చేతి లెక్క లేదని తేలింది. ఆ గడిలో ‘పరీక్షించలేదు’ అని రాసి, సంతకం లేకుండానే పంపాను. ఈసారి పని ఇచ్చిన సంస్థ నుంచి ఇంకా కబురు రాలేదు. రాకపోవచ్చు కూడా.