రత్నం పిన్ని నొక్కని బటన్

మొన్న మిక్సీ బాగుచేయించుకుందామని గవర్నరుపేటలో ఒక రిపేరు షాపుకు వెళ్ళాను. షాపతను బల్ల మీద ఎవరిదో పాత టీవీ విప్పి పెట్టుకున్నాడు. వెనక పెద్ద డొప్ప ఉండే రకం. స్విచ్ వేయగానే లోపల్నుంచి సన్నగా చిటపటమంది. ఆ వెనకే వేడెక్కిన దుమ్ము వాసన వచ్చింది. నా చేతి మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. "ఏం మేడం, షాక్ కొట్టిందా?" అన్నాడతను. లేదన్నాను. మా రత్నం పిన్ని గదిలో మధ్యాహ్నాలు ఇదే వాసన వచ్చేది. దాంతోపాటు వంటగదిలోంచి వేయించిన ఎండుచేపల వాసన కూడా వచ్చేది కాబట్టి, షాపులో వాసన నాకు సగమే అనిపించింది. మిక్సీ సంగతి మరిచిపోయి స్టూలు మీద అలాగే కూర్చుండిపోయాను.

రత్నం పిన్ని నాకు చుట్టం కాదు. తొంభైల చివర్లో పటమటలో మా ఇంటి మేడమీది వాటా అద్దెకు తీసుకుని వచ్చింది. వాళ్ళది కొల్లేటి ఒడ్డున చేపలు పట్టే కుటుంబం. ఆవిడ మాత్రం చదువుకుని, చేపలు పై ఊళ్ళకు పంపే ఒక ఆఫీసులో పనిచేసేది. తెల్లవారుజామునే లారీలు వెళ్ళిపోతాయి కనుక మధ్యాహ్నానికల్లా ఇంటికొచ్చేసేది. నలభై దాటిన మనిషి, పెళ్ళి చేసుకోలేదు. గట్టి గొంతు. చెవులకు ఎప్పుడూ ఎర్రరాళ్ళ దుద్దులు ఉండేవి. ఆవిడ నవ్వితే ముందు ఆ దుద్దులు ఊగేవి, తర్వాత నవ్వు వినిపించేది.

సామాను దింపించిన రోజు అమ్మ నా చేతికి మజ్జిగ గ్లాసిచ్చి పంపి, తనూ వెనకే వచ్చింది. "నీ పేరేంటే?" అంది ఆవిడ నన్ను చూసి. నాకు నత్తి. ఇప్పటికీ ఉంది. అన్ని అక్షరాల్లోకీ నన్ను ఎక్కువ ఏడిపించేది 'ప'. నా పేరేమో పద్మజ! పెదాలు ఒకసారి కలిశాయంటే మళ్ళీ విడిపోవు. నేను తంటాలు పడుతుండగానే అమ్మ "పద్మజండీ, డిగ్రీ ఆఖరి సంవత్సరం" అనేసింది. అమ్మ తప్పేం లేదు, నా అవస్థ చూడలేక నా మాటలన్నీ తనే పూర్తిచేసేది. బస్సు కండక్టరు, కిరాణా కొట్టాయన, మేనత్తలు, అందరూ అంతే. నేను సగం అంటే మిగతా సగం వాళ్ళే అనేవారు, అదీ చాలాసార్లు తప్పుగా. రత్నం పిన్ని గ్లాసు కింద పెట్టి, "నేను అమ్మాయిని అడిగానండీ," అంది. మంచం మోసుకొస్తున్న కూలీలు మెట్ల మీద విసుక్కుంటుంటే, "ఉండండయ్యా, అమ్మాయి మాట్లాడుతోంది కదా," అని వాళ్ళనీ ఆపేసింది. నాకు సిగ్గుతో ప్రాణం పోయినట్టయింది. ఎలాగో 'పద్మజ' అన్నాను. "బావుంది. ఆంటీ గీంటీ అన్నావంటే ఊరుకోను, పిన్నీ అని పిలువు," అంది. అదీ 'ప'యే. తెలిసే అలా అందని నా అనుమానం.

ఆవిడ తమ్ముడు ఓడల మీద పనిచేసేవాడు. ఒకసారి వస్తూ జపాన్ రేవులో కొన్న వీడియోగేమ్ ఒకటి అక్కకు తెచ్చిచ్చాడు. బూడిద రంగు పెట్టె, దానికి రెండు రిమోట్లు, మన కరెంటుకు మాడిపోకుండా ఓ బరువైన ట్రాన్స్‌ఫార్మరు డబ్బా. మన టీవీకి తగిలిస్తే బొమ్మ రంగుల్లో రాలేదు, నలుపు తెలుపుల్లోనే వచ్చింది. గెంతడాలు, కాల్చడాలు ఉండే ఆట కాదది. నలుగురు మనుషులు ఊరూరా తిరుగుతుంటారు. దారిలో ఏ జంతువో, కత్తి పట్టిన దొంగో అడ్డం పడుతుంటారు. అప్పుడు ఆట ఆగిపోతుంది. మన నలుగురూ ఒకవైపు, వాళ్ళు ఒకవైపు. మన వంతు అయ్యాకే వాళ్ళ వంతు. కొట్టాలా, కాచుకోవాలా, పారిపోవాలా అన్నది మనం గంటసేపు ఆలోచించుకున్నా ఎదుటివాడు కత్తి ఎత్తి పట్టుకుని అలా నిలబడే ఉంటాడు. "చూడవే, ఎంత మర్యాదస్తుడో! మా ఆఫీసులో ఒక్కడికైనా ఉందా ఈ పద్ధతి?" అని మురిసిపోయేది పిన్ని.

చిక్కల్లా ఏమిటంటే, అందులో ప్రతి అక్షరమూ జపాన్ భాషే. ఏది నొక్కితే ఏమవుతుందో చచ్చీ చెడీ తెలుసుకోవాల్సిందే. నిజంగానే చచ్చేవాళ్ళం, అడుగడుక్కీ. ఎవరైనా ఎదురుపడితే తెర కింద చిన్న గళ్ళో అక్షరాలు బిలబిలమంటూ వచ్చి ఆగిపోయేవి. బటన్ నొక్కితేనే తర్వాతి మాట వచ్చేది. మొదటిరోజు పిన్ని రిమోట్ తన ఒళ్ళో పెట్టుకుని, "ఏమంటున్నాడే?" అంది. నాకేం తెలుసన్నట్టు చేతులు తిప్పాను. "నాకు రాదు, నీకూ రాదు. ఎవరికీ రానప్పుడు నువ్వేం చెప్పినా తప్పెలా అవుతుంది? చెప్పు!" అంది.

తెర మీద ఒక ముసలాయన వంతెనకు అడ్డంగా నిలబడి ఉన్నాడు. నేను మొదలుపెట్టాను. "బం... బం..." దగ్గరే చాలాసేపు ఆగిపోయాను. పిన్ని బొటనవేలు బటన్ మీదే ఉంది, కానీ నొక్కలేదు. నా నోటికి మాట అందించనూ లేదు. ముసలాయన కూడా నా కోసం ఆగాడు. చివరికి, "బందరు కాలువ మీద వంతెన బాగుచేసేదాకా ఎవర్నీ దాటనివ్వనంటున్నాడు," అన్నాను. "వీడి మొహం! మనూళ్ళో వాళ్ళు చాలక జపాన్‌లో కూడానా!" అని దుద్దులు ఊగేలా నవ్వి, అప్పుడు నొక్కింది. నా జీవితంలో మొదలుపెట్టిన వాక్యాన్ని నేనే ముగించిన మొదటి మధ్యాహ్నం అది. ఆ తర్వాత రోజూ కాలేజీ నుంచి రాగానే మేడ మీదికే. రాజుకో గొంతు, దొంగకో గొంతు, కొట్టువాడికి మా కిరాణా కొట్టాయన గొంతు పెట్టేదాన్ని. నత్తి పోలేదు. రాజుకీ నత్తే, దొంగకీ నత్తే. పిన్నికి అదేమీ పట్టేది కాదు.

మధ్యలో కరెంటు పోయేది. పోయిందంటే ఆ పూట ఆడిందంతా గోదాట్లో కలిసినట్టే. "పక్కన ఇబ్రహీంపట్నంలో కరెంటు తీయడానికి అంతంత పొగగొట్టాలు పెట్టుకుని మనకీ కోతలేంటే," అని విసనకర్ర తీసేది పిన్ని. కరెంటు వచ్చేదాకా నన్ను ఊరుకోనిచ్చేది కాదు. "ఇందాక ఆ దొంగ ఏమన్నాడో మళ్ళీ చెప్పు, నేను సరిగ్గా వినలేదు," అనేది. వినకపోవడమేం, అంతా వినే ఉండేది.

మా నలుగురిలో ఒకమ్మాయి ఉండేది. దెబ్బలు తగిలినవాళ్ళకు మంత్రం వేసి నయం చేసేది ఆమే. ఆమెకు రాజ్యం అని పేరు పెట్టుకున్నాం. నలుపు తెలుపు తెరలో బూడిద రంగులో కనిపించే ఆమె బట్టలు నెమలికంఠం రంగువని పిన్ని తేల్చేసింది. ఒకరోజు గుహలో పీతలాంటి జంతువొకటి రాజ్యాన్ని పడగొట్టేసింది. "ఛీ, పుట్టి బుద్ధెరిగాక పీత చేతిలో ఓడిపోలేదే!" అని పిన్ని నెత్తి కొట్టుకుంది. రాజ్యం లేవలేదు. పిన్ని రిమోట్ కింద పెట్టేసింది. తర్వాత, "పోయినావిడ ఒంటి మీద నగలుంచకూడదే," అంటూ రాజ్యం కిరీటం, ఉంగరం, చేతికర్ర ఒక్కొక్కటే తీయించి కొట్లో అమ్మేయించింది. ఆ రోజు ఇక ఆడకూడదంది. వెళ్ళి తలస్నానం కూడా చేసొచ్చింది, నేను నవ్వితే చీవాట్లు పెట్టింది.

కొన్ని రోజులు ముగ్గురితోనే ఈడ్చుకొచ్చాం. ఇంకో ఊళ్ళో ఒక తెల్ల మేడలోకి వెళ్ళి అక్కడున్నాయనతో మాట్లాడుతూ ఏదో నొక్కామో లేదో, టింగుమని చప్పుడైంది. రాజ్యం లేచి నిలబడింది! తలమీద కిరీటం లేదు, వేలికి ఉంగరం లేదు, వట్టి చేతులు. పిన్ని మొహం పాలిపోయింది. "అయ్యో, బతికే ఉందే! మనమే తొందరపడి సాగనంపాం," అంది. అది ఆటేనని నేను నవ్వబోతే ఆవిడ కళ్ళల్లో నీళ్ళు! రాజ్యం వస్తువులన్నీ తిరిగి కొనిచ్చేదాకా ఊరి బయట కప్పల్ని కొట్టి డబ్బులు కూడబెడుతూనే ఉంది.

చదువయ్యాక నాకు టీచరునవ్వాలనుండేది. ఇంట్లో ఆ మాట అంటే నవ్వలేదు గానీ, ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. నేను మేడ మీదికి వెళ్ళి ఏడ్చాను. పిన్ని ఓదార్చలేదు. "వాళ్ళు నీ మాట మధ్యలో దూరుతుంటే నువ్వెందుకే వదిలేస్తావ్? నీ వంతు అయ్యేదాకా ఎదుటివాడు కదలకూడదు. కదిలితే ఆట తప్పినవాడు వాడు, నువ్వు కాదు," అంది. మర్నాడే ఇంటర్వ్యూకి పంపింది. చిన్న ప్రైవేటు స్కూలు. కరస్పాండెంటు గారు పేరడిగారు. నేను "ప... ప..." అంటుంటే ఆయన జాలిగా "పార్వతా? పద్మా?" అని అందించబోయారు. చెయ్యి ఎత్తి, "ఉండండి సార్, నేను చెప్తాను," అన్నాను. ఆయన ఆగారు. గదంతా ఆగింది. పద్మజ అన్నాను. తర్వాత మూడో తరగతి పిల్లలకు పాఠం చెప్పి చూపించమన్నారు. వంతెనకు అడ్డం నిలబడ్డ ముసలాయన కథ చెప్పాను. ఒకడు కిసుక్కుమన్నాడు. నేను మాట ఆపి వాడి నవ్వు అయ్యేదాకా చూసి, మళ్ళీ అక్కణ్ణుంచే మొదలుపెట్టాను. ఉద్యోగం ఇచ్చారు. రెండేసి మెట్లు ఎక్కుతూ వెళ్తే పిన్ని అప్పుడే అన్నం ముందు కూర్చుంది. కలిపిన ముద్ద చేత్తో అలాగే పట్టుకుని, "చెప్పు, ఏమంటున్నాడే ఆయన?" అంది. నేను మొత్తం చెప్పేదాకా ఆ ముద్ద నోట్లో పెట్టుకోలేదు.

ఆట మాత్రం మేము ముగించలేదు. చిట్టచివర సముద్రం అడుగున ఒక రాజు ఉండేవాడు. యుద్ధానికి ముందు పెద్ద ప్రసంగం చేసేవాడు, ఆ తర్వాత మమ్మల్ని చితక్కొట్టేవాడు. ఎన్నిసార్లు వెళ్ళినా అదే తంతు. ఈలోగా ఆఫీసు మూసేశారు, పిన్ని కైకలూరులో తమ్ముడి ఇంటికి వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ ఆ పెట్టె నా చేతిలో పెట్టి, "నేను లేకుండా ఆ రాజు దగ్గరికి వెళ్ళావో, చూడు!" అని బెదిరించింది. నేను వెళ్ళలేదు. మధ్యలో ఎప్పుడైనా కలిస్తే, ఈసారి వచ్చి వాడి పని పడదామని ఇద్దరం అనుకునేవాళ్ళం.

కొన్నేళ్ళకు ఆవిడకు పక్షవాతం వచ్చిందని కబురందింది. గుడివాడలో బస్సు మారి వెళ్ళాను. కుడివైపు చచ్చుబడింది, మాట పడిపోయింది. మంచం పక్కన తమ్ముడి భార్య ఉంది. మంచి మనిషి, చాకిరీ అంతా ఆవిడే చేస్తోంది. "మా వదిన ఎంత గలగలా మాట్లాడేదండీ," అంది, పిన్ని వింటుండగానే. పిన్ని చెవులు బోసిగా ఉన్నాయి. ఆస్పత్రిలో తీసిచ్చిన దుద్దులు డబ్బాలో దాచామని, ఇంక ఆవిడకు అవెందుకని అంది. నాకు కిరీటం, ఉంగరం లేని రాజ్యం గుర్తొచ్చింది. పిన్ని నన్ను చూసి పెదాలు కదిపింది. "ఏ... ఏ..." అంది. వెంటనే తమ్ముడి భార్య, "మంచినీళ్ళా వదినా? ఫ్యాన్ వేయమంటావా? దుప్పటా?" అంటూ మొదలుపెట్టింది. పిన్ని కళ్ళు మూసుకుంది. ఆ కళ్ళు మూసుకోవడం నాకు తెలుసు. ఇరవయ్యేళ్ళు నేనూ అలాగే మూసుకున్నాను. "ఒక్కసారి ఆగండి, పిన్ని మాట్లాడుతోంది," అన్నాను.

 బయట ఎవరో గేదెల్ని అదిలించారు. కుక్కర్ కూత వేసింది. తమ్ముడి భార్య పొయ్యి ఆపడానికి వెళ్ళి, మళ్ళీ వచ్చి నిలబడింది. పిన్ని వంకర పోయిన పెదాల్లోంచి ఒక్కొక్క ముక్కా ఏరుకుని, కూడగట్టుకుని, చివరికి అంది. "ఏ... మం... టు... న్నా... డే?"

నాకు ఏడుపు ఆగలేదు. సముద్రం రాజు గురించే అడుగుతోంది. చెప్పబోతే 'ప' దగ్గర నా పెదాలు అతుక్కుపోయాయి. పిన్ని నా వంకే చూస్తూ ఆగింది. నయమైన మనిషిలా, పాత పిన్నిలా ఆగింది. "పిన్నీ, నువ్వు వచ్చేదాకా కత్తి దించనంటున్నాడు," అన్నాను. ఆవిడ ఎడమ బుగ్గ నవ్వింది. నేను డబ్బా తెప్పించి ఎర్రరాళ్ళ దుద్దులు మళ్ళీ ఆవిడ చెవులకు పెట్టాను.

ఆ ఏడాది వానలు మొదలవకముందే రత్నం పిన్ని పోయింది. చివరిదాకా చెవులకు దుద్దులున్నాయని తమ్ముడి భార్య ఫోన్లో చెప్పింది. తనూ తర్వాత తర్వాత ఆగడం నేర్చుకుందట, పిన్ని రోజుకు నాలుగు మాటలైనా పూర్తిగా అనేదట.

నా క్లాసులో ఎవరైనా లేచి నిలబడి జవాబు కోసం తడుముకుంటుంటే మిగతా పిల్లలెవ్వరూ అందించకూడదు. నేనూ అందించను. ఎంతసేపైనా ఆగుతాం. ఇన్‌స్పెక్షనుకు వచ్చినాయన ఒకసారి అసహనంగా గడియారం చూసుకున్నారు. ఆయన్నీ ఆగమన్నాను.

ఆ బూడిద రంగు పెట్టె మా బీరువాలో ఉంది. ఇప్పటి టీవీకి తగిలిస్తే బొమ్మ రంగుల్లో వస్తుందని షాపతను చెప్పాడు. నేను తగిలించను. రాజ్యం బట్టలు నెమలికంఠం రంగువే. సముద్రం అడుగున రాజు ఇంకా కత్తి ఎత్తి పట్టుకునే ఉన్నాడు. వాడేమంటున్నాడో ఇప్పుడు ఎంతసేపైనా చెప్పగలను. అడిగేవాళ్ళు లేరు, పిన్నీ.