పెద్దబాపు మీద రాలిన చుక్కలు

ఐలవ్వ కోపం ఆరేది కాదు. ఎందుకు ఆరుతుంది చెప్పండి? మొగుడు అంతయ్యను పొలంలో పాము కరిచిన నాడు, కరీంనగర్ దవాఖానకు తీసుకుపోవడానికి బండి కట్టమని మనిషితో చెప్పిస్తే, బావ రాయమల్లు "ఎడ్లు పొద్దంత దున్నినయ్, తెల్లారనియ్యి" అన్నాడు. తెల్లారేసరికి అంతయ్య లేడు. ఎడ్లు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి.

పిల్లలిద్దరినీ తీసుకొని ఆమె మందమర్రి పోయి బొగ్గు తట్టలు మోసింది. కోతలప్పుడు మాత్రం సుల్తానాబాద్ పక్కనున్న ఊరికి వచ్చి, మొగుడి వాటా వడ్లు దగ్గరుండి నూర్పించుకునేది. బావతో మాట లేదు. అసలు తమ్ముడి పెళ్లాం బావ ముందు నిలబడి మాట్లాడే రివాజే లేదు. ఇక పేరెత్తడమా! కడుపు మండిన మనిషికి తిట్టుకునే వీలు కూడా లేకపాయె.

ఆ మార్గశిరంలో వడ్లకు కావలిగా పిల్లలతో కల్లంలో పడుకుంది. మందమర్రిలో గని దీపాల వెలుగుకు చుక్కలు సరిగా ఆనవు. ఇక్కడ ఆకాశం నిండా ఉన్నాయి, పైగా ఒకదాని వెంట ఒకటి రాలుతున్నాయి. చిన్నోడు మొండయ్య దుప్పటి తన్నేసి లేచి కూర్చున్నాడు.

"సుక్క రాలంగ ఎవ్వరి పేరు తీస్తే వాళ్ల పానం దానెంబడే పోతదట. మా ముసలవ్వ చెప్పేది," అంది ఐలవ్వ.

"ఎవ్వరి పేరు తియ్యాలె అవ్వా?" అంది కూతురు యాదవ్వ.

తాను బావ పేరు తీయరాదు. పిల్లలూ తండ్రి అన్నను పేరు పెట్టి అనరాదు. "పెద్దబాపు అనుండ్రి, సాలు. సుక్కకు ఎరుకైతది," అంది.

ఇంకేం, పిల్లలకు ఆట దొరికింది. చుక్క రాలడం ఆలస్యం, "పెద్దబాపూ" అని ఒకటే కేకలు. ఐలవ్వ కడుపు చల్లబడింది.

పక్క కల్లంలో పడుకున్న రాయమల్లు చెవిన ఆ కేకలు పడ్డాయి. తమ్ముడు పోయాక ఆ పిల్లల నోట ఆ పిలుపు ఒక్కసారీ వినలేదు. కాల్చిన కందగడ్డలు తువ్వాలలో వేసుకొని ఉరికినంత పని చేసి వచ్చాడు.

"పిలిచిండ్రా బిడ్డా? గిన్నేండ్లకు యాదికొచ్చిన్నా?" తువ్వాల ముందుకు చాపాడు.

ఐలవ్వ కొంగు నెత్తి మీదికి లాక్కొని వడ్లకుప్ప చాటుకు పోయింది. యాదవ్వకు దాపరికం తెలియదు.

"పిలువలే పెద్దబాపూ. సుక్క రాలంగ నిన్ను తలిస్తే సస్తవట. అవ్వ చెప్పింది."

గడ్డలు కింద పడ్డాయి. రాయమల్లు తలెత్తి చూశాడు. ఇంకొకటి రాలింది. పిల్లల ముందు అట్లాగే చతికిలబడ్డాడు.

"బండి కట్టకుండ తప్పు జేసిన. గా మాట ఎన్కకు తీసుకోండ్రి బిడ్డా. ఇంకో సుక్క రాలంగ, పెద్దబాపు బతకాలె అనుండ్రి. ఒక్కపారి."

 పిల్లలు అవ్వ దాగిన కుప్ప దిక్కే చూస్తున్నారు.

అంతలో ఒక పెద్ద చుక్క తెల్లటి గీత గీస్తూ జారింది. కల్లమంతా వెలుగు పడింది. పెద్దబాపు కన్నీళ్లు చూసిన యాదవ్వ నోరు తెరిచింది.

ఐలవ్వ చాటులోంచి వచ్చి, బావ కళ్లెదుటే, బిడ్డ నోరు అరచేత్తో గట్టిగా మూసింది. చుక్క ఆరిపోయేదాకా తీయలేదు.