బజ్జీల పొట్లంలో సగం ఫోటో

నా చిన్నప్పుడు, ఒక శనివారం పొద్దున ఏడు గంటలకు, మా ఎడపల్లిలో ఒక మనిషిని దొంగను చేశారు. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ నడుస్తున్న రోజులవి. నాకు ఎనిమిదేళ్లు. చదువు నాకు పిల్లలు పుట్టాక వచ్చింది. అప్పట్లో పేపర్లో బొమ్మలే చూసేదాన్ని.

హోటలు మామ బజ్జీలు కట్టిచ్చిన పోయిన వారం పేపరు ముక్క మీద ఒక ఫోటో ఉంది. ముఖమంతా మసి పూసుకుపోయిన మనిషి, ఏడుస్తున్న పసిబిడ్డను చంకనేసుకుని ఉరుకుతున్నాడు. మా చిన్నాయన పొట్లం లాక్కుని చూశాడు.

"వీడు నిన్న మహారాష్ట్ర నుంచి చెరుకు కొట్టనీకొచ్చినోడే గదరా! పిల్లల్ని ఎత్తుకపోయెటోడట్లున్నడు!"

"అట్లున్నడేంది? కండ్ల ముంగటనే కనబడుతుంది గద!" అన్నాడు మామ.

కాగితం ఫోటో నడిమికి చినిగి ఉంది. మిగతా సగం ఏదని ఎవరూ అడగలేదు. మగవాళ్లు కర్రలు పట్టుకుని చెరుకు తోటకు పోయారు.

అడిగింది పక్కింటి అక్క. చర్చిలో పిల్లలకు పాటలు నేర్పేది. "నాకేమెరుక, పో బిడ్డా!" అని మామ కసురుకున్నా వినక, చినిగిన పేపర్లన్నీ తిరగేసి రెండో ముక్క తీసింది. రెండూ బెంచీ మీద కలిపి పెట్టింది. ఆ మనిషి వెనక చెరుకాకు గుడిసెలు తగలబడుతున్నాయి. ఒక తల్లి గుండెలు బాదుకుంటోంది. మంటల్లోంచి సొంత బిడ్డను తెచ్చుకున్న తండ్రి అని కింద రాసి ఉందట. అక్క పైకి చదివింది. శనగపిండిలో మామ చేయి ఆగిపోయింది.

ఇద్దరం చెరుకు తోటకు ఉరికాం. మేము చేరేసరికి ఆ కూలీ కుటుంబం ఎడ్లబండి కదులుతోంది. తండ్రి నుదుటి నుంచి రక్తం కారుతోంది. బిడ్డ కాలిన కాళ్లకు కట్లు, ఆ కట్లకు చీము. అక్క రెండు ముక్కలూ చూపించి ఏముందో చెప్పింది. చిన్నాయన కర్ర పడేశాడు.

"ఆగుండ్రి, దవాఖానకు నేను తోల్కపోత" అన్నాడు.

తల్లి బిడ్డను కొంగుతో కప్పేసింది. బండి ఆగలేదు.

"ఫోటో అబద్ధం జెప్పలే పిల్లా. మిగిలింది ఏదని మనమే అడుగలే" అంది అక్క, ఇంటికి వస్తూ.

ఇప్పుడు మనవరాలు ఫోనులో బీహారు కూలీల బొమ్మ చూపించి "పిల్లల దొంగలట అవ్వా, అందరికీ పంపుతున్న" అంటుంది. "ఎవరు తీసిండ్రు? ఎక్కడ తీసిండ్రు? పక్కకేమున్నది? ఎరుకైనంక పంపు" అంటాను. విసుక్కుంటుంది. విసుక్కోనీ.

ఆ బిడ్డ బతికిందో లేదో నాకు తెలియదు. ఆ రోజు ఉన్నది హోటలు మామ, చిన్నాయన, కర్రలు పట్టిన మా వాడ మగవాళ్లు, పక్కింటి అక్క, నేను, ఆ తండ్రి, ఆ తల్లి, మేమెవరమూ పేరు కూడా అడగని ఆ బిడ్డ.