ఎర్ర చుక్క తీసేయనివ్వని అంజన్న

వేడెక్కిన కంప్యూటర్‌లోంచి దుమ్ము కాలిన వాసన వచ్చిందంటే చాలు, హైదరాబాద్‌లో ఏసీ కింద కూర్చున్నా నాకు జగిత్యాలలో చెప్పుల దుకాణం పైనున్న ఇరుకు గది, అందులో అంజన్న గుర్తొస్తాడు. సినిమా షాట్‌లో కెమెరా ఎటు కదిలిందో కంప్యూటర్‌తో లెక్కగట్టడం మా పని. ఆ లెక్క సరిగ్గా తేలితేనే లేని కోటనో మేడనో షాట్‌లో జారకుండా నిలబెట్టగలం. మల్లాపూర్ మనిషి అంజన్న, దుబాయ్ రోడ్ల సర్వేలో కొలత కర్ర పట్టుకుని ఏళ్లకేళ్లు ఎండలో నిలబడి, తిరిగొచ్చాక ఈ పని నేర్చుకున్నాడు. నాకూ ఆయనే నేర్పాడు.

అప్పటికే సిరిసిల్లలో మా సాంచాలు, అంటే మరమగ్గాలు, ఆగిపోయి నాయిన మగ్గాల పనికి మహారాష్ట్రలోని భీవండి పోయాడు. ఇల్లు మూసి అందరం అక్కడికే పోదామని అమ్మా మామలూ అంటున్నారు. పోతే నా పనికి నీళ్లు వదులుకోవాల్సిందే.

ఆ రోజుల్లోనే అంజన్న నాకు ఒక షాట్ ఇచ్చాడు. ముందర పొడుగాటి గోడ, దూరంగా గుట్ట, దాని మీద సెల్ టవర్. ఆ గుట్ట మీద కోట పెట్టాలి. ఆనవాళ్లను పట్టుకునే ట్రాకర్లలో ఒక రకం ఒక్క చుక్కను పట్టుకుంటుంది, ఇంకో రకం గోడలాంటి చదును జాగానంతా పట్టుకుంటుంది. గోడ రకం గట్టిగా అంటుకుంటోందని నేను అన్నీ అవే పెట్టాను. టవర్ మీది చుక్క ఒక్కటే వాటితో కలవక ఎర్రగా కనిపించింది. తీసి పారేశాను. లెక్కలో తప్పెంతో చూపే అంకె టక్కున తగ్గింది. నా తెలివికి నేనే మురిసిపోయాను. తీరా కోట పెడితే అది గుట్ట మీద నిలవదు, జారుతూనే ఉంటుంది.

అంజన్న తిట్టలేదు. "గివన్నీ ఒక్క గోడ మీదియే గద చెల్లె, ఒకటి తందాన అంటే అన్నీ తందాన అంటయి. దూరమున్నదాన్ని ఎందుకు తీసేసినవ్?"

"అదొక్కటే తేడా చెప్తున్నదన్నా."

"గందుకే ఉంచాలె."

టవర్ చుక్కను తిరిగి పెట్టి లెక్క మళ్లీ కట్టించాడు. అంకె కొంచెం పెరిగింది, కోట మాత్రం నిలబడింది. నాకు సిగ్గేసింది.

నెల తిరక్కుండానే ఇంట్లో భీవండి పోయే మాట ఖాయమైంది. పని మానేస్తున్నానని చెప్పడానికి వెళ్లాను. అందరూ ఒప్పుకున్నారని కూడా చెప్పాను. అంజన్న తెర మీద నుంచి కళ్లు తిప్పకుండా, "నాయిన ఏమంటుండు?" అన్నాడు. నాయినను ఎవరూ అడగలేదు. అడిగితే కాదంటాడని మా అందరికీ తెలుసు.

మెట్ల మీద నిలబడి ఫోన్ చేశాను. అందరం అక్కడికే వస్తామంటున్నామని నాయినకు చెప్పి, ఏమంటావని అడిగాను. "మీరు రాకుండ్రి బిడ్డా. నాకే ఈడ పానం నిలుస్తలేదు. రమ్మనేటోళ్లు లేక ఉంటున్న" అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. రమ్మన్నాను. పదిహేను రోజులకు వచ్చేశాడు. నా పని నాకు మిగిలింది.

తర్వాత జగిత్యాలలో ఆ గది మూతపడింది, అంజన్న మళ్లీ దుబాయ్ పోయాడు. అక్కడ ఆయనకు శుక్రవారం సెలవు. ఇక్కడ ఇంట్లో గానీ ఆఫీసులో గానీ అందరం ఒక్క మాట మీదికి వచ్చామంటే, నేను శుక్రవారం దాకా ఆగి ఆయనకు ఫోన్ చేసి ఏమంటాడో అడుగుతాను.